చెమ్మకు దారి ఇచ్చిన కోడలు

అనగనగనగా, వానలు ఇప్పటికన్నా గట్టిగా కురిసే కాలంలో, చీమలూ పురుగులూ మనుషులతో మొహమాటం లేకుండా మాట్లాడే రోజుల్లో, వాగుమెట్ట అని ఒక పట్నం ఉండేది. దానికి మూడు దిక్కులా చెరుకు తోటలు. నాలుగో దిక్కున వాగు. ఊళ్ళో అడుగు పెడితే చాలు, గానుగల దగ్గర కాగే పాకం వాసన ఎదురొచ్చి పలకరించేది.

ఆ పట్నంలో గురవశెట్టి అని ఒక బెల్లం వర్తకుడు. తల్లి పేరిందేవమ్మ. భార్య చెంగల్వ. ఉన్నది ముగ్గురే అయినా ఇల్లు మాత్రం సత్రమంత. ఎందుకంటే ఆ ఇంట్లో మనుషులకన్నా బెల్లానిదే పైచేయి. ముందుగది బెల్లానిది. నడిమిగది బెల్లానిది. మనుషులు వెనకగదుల్లో సర్దుకునేవాళ్ళు.

ఆ ఇల్లు గురవశెట్టి తాత కట్టించాడు. ఆయన సామాన్యుడు కాడు. బెల్లానికి నేల తడి పగవాడని తెలిసినవాడు. అందుకే మోకాలెత్తు రాతి పునాది గోడ లేపించి, దానిమీద టేకు దూలాలు పరిపించి, దూలాల మీద టేకు చెక్కలు బిగింపించాడు. చెక్కల నేలకూ కింది మట్టికీ మధ్య పిల్లి నడిచేంత ఖాళీ. చెక్కల మీద తాటాకు చాపలు. చాపల మీద బెల్లం దిమ్మలు. ఎంత ముసురు పట్టినా ఆ ఇంటి బెల్లం చెమర్చేది కాదు. వేలితో మీటితే కంచులాగా మోగేది. ఇప్పటివాళ్ళు కట్టే ఇళ్ళ సంగతి ఎందుకులే, చెప్పుకుంటే సిగ్గు.

అలాంటి ఇంట్లో, చెంగల్వ కాపరానికి వచ్చిన ఏడాదే, బెల్లం ఏడ్చింది.

ఏడవడమంటే ఏడవడమే. శ్రావణం వచ్చేసరికి దిమ్మలన్నీ చెమటలు పట్టాయి. చెమటలు ధారలయ్యాయి. ధారలు చాపల మీద మడుగులయ్యాయి. మడుగుల చుట్టూ చీమలు బారులు తీరాయి. చెక్కల్లో చెదలు పుట్టాయి. కింద ఖాళీలో పందికొక్కులు కాపరం పెట్టాయి. ఆ ఏడు గురవశెట్టి బెల్లాన్ని పశువుల దాణాలో కలపడానికి తప్ప ఎవరూ కొనలేదు.

పేరిందేవమ్మ వీధి అరుగు మీద కూర్చుని, నలుగురూ వినేలాగా అంది. "మా అత్త కాలంలో కారలేదు. నా కాలంలో కారలేదు. ఇది గడప తొక్కింది, బెల్లం కారింది. దీని పాదం మంచిది కాదు."

పక్కింటి పొన్నమ్మ బుగ్గ నొక్కుకుంది. "నిజమే వదినా. మా ఆడపడుచు కోడలు వచ్చిన పూటే వాళ్ళ పాలు విరిగిపోయాయి. పాలకేం తెలుసు పాపం, పాదాన్ని చూసి దడుచుకున్నాయి."

చెంగల్వ లోపల్నుంచి విన్నది. చాటున అంటే దిగమింగేదేమో. వీధిలో అన్నారు. దిగమింగలేదు. దాచుకుంది.

చెంగల్వ గురించి ఒక్క మాట చెప్పాలి. పిల్ల బంగారం. కానీ పట్టింపు మనిషి. కడిగిన చెంబు మీద వేలిముద్ర కనబడితే మళ్ళీ కడిగేది. చిన్నప్పుడు తన లక్కపిడత పగలగొట్టి, పగలగొట్టలేదని బొంకిన మేనమామ కూతుర్ని తన పెళ్ళికి పిలవలేదు. తప్పంటారా? పగలగొట్టినవాళ్ళు ఒప్పుకోవాలి గదా! ఒప్పుకోనివాళ్ళకు పెళ్ళిభోజనం ఎందుకు?

గురవశెట్టి మాత్రం నెమ్మదైనవాడు. తల్లి మాటకు తల ఊపేవాడు. భార్య మాటకూ తల ఊపేవాడు. మెడ నొప్పి పుట్టేదే తప్ప ఇంట్లో ఏ మాటా తేలేది కాదు.

మరుసటి ఏడు ఆషాఢం రాగానే పేరిందేవమ్మ తేల్చి చెప్పింది. "ఒరే గురవా, విను. ఈ వానలు పోయేదాకా కూడా బెల్లం కారుతూనే ఉందో, దసరాకు దీన్ని పుట్టింట్లో దింపి వస్తాను. మళ్ళీ తేవడానికి బండి పంపను."

గురవశెట్టి తల ఊపాడు.

చెంగల్వ గుండె జారింది. తనకోసం కాదు. పుట్టింట్లో పెళ్ళికి ఎదిగిన చెల్లెళ్ళున్నారు. అక్క పాదం మంచిది కాదని తిరిగొస్తే, ఆ చెల్లెళ్ళ గడప ఎవరు తొక్కుతారు? ఒక్క మాట మూడు బతుకుల మీద పడుతుంది.

అత్తగారు ఊరికే కూర్చోలేదు. ఆమె ప్రయత్నాలు ఆమె చేసింది. మొదట గది గదికీ సాంబ్రాణి పొగ వేయించింది. మనుషులు దగ్గారు. చీమలు దగ్గలేదు. తర్వాత ఒక గండుపిల్లిని తెప్పించింది. అది పందికొక్కును ఒక్కసారి చూసి, దాని ఒళ్ళు చూసి, మర్యాదగా పక్కకు తప్పుకుని బెల్లం చాపల మీద పడుకుంది. ఆఖరికి వేపాకు కాచి ఆ నీళ్ళతో చెక్కల నేలంతా కడిగించింది. అసలే తడి. దానిమీద ఇంకో తడి. మర్నాటికి బెల్లం ఇంకా ఎక్కువ ఏడ్చింది.

"చూశారా, ఎన్ని చేసినా ఆ పాదం ముందు ఆగవు!" అంది పేరిందేవమ్మ.

ఒకనాటి మధ్యాహ్నం అందరూ భోంచేసి నడుం వాల్చారు. చెంగల్వ నడిమిగదిలో కూర్చుంది. చీమల బారు చెక్కల సందులోకి దిగుతూ కనబడింది. సరే, నన్ననేవాళ్ళు నన్నన్నారు, అసలువాళ్ళను నేనూ అడుగుతాను, అనుకుంది. అట్లకాడ సందులో పెట్టి ఒక చెక్కను పైకెత్తింది. గుప్పున ముక్కిన వాసన కొట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిందికి వంగింది.

"ఏమే చీమా! మా ఇంటికి నిన్నెవరు రమ్మన్నారు?"

చీమ మూతి తుడుచుకుంది. "పాకం రమ్మంది. గట్టి బెల్లం మా పళ్ళకు లొంగదు. మెత్తబడిందని తెలిసి వచ్చాం. ఎందుకు మెత్తబడిందో చెదపురుగును అడుగు. మాకన్నా ముందొచ్చింది."

"చెదపురుగా! నిన్నెవరు రమ్మన్నారు?"

చెదపురుగు దూలం కొరకడం ఆపకుండానే చెప్పింది. "ఎండిన టేకు జోలికి మా తాతలే పోలేదు, నేను పోతానా? దూలం తడిసింది. మెత్తబడింది. పైగా చీకటి. పిలవకపోయినా వచ్చే విందు ఇది. ఎందుకు తడిసిందో కింద పడుకున్నవాణ్ణి అడుగు."

కింద పందికొక్కు వెల్లకిలా పడుకుని ఉంది. "వెలుతురు కొట్టకమ్మా, ఇప్పుడే కళ్ళు మూతబడ్డాయి," అని విసుక్కుంది.

"మా ఇంటి కింద నీకేం పనిరా?"

"పనేం లేదు. అదే హాయి. గాలి చెవుల్లో దూరదు. మట్టి మెత్తన. తవ్వితే వెన్న. ఇలాంటి బస ఈ వీధిలో ఇంకోటి లేదు. మేమంతా ఆ మూల ఉన్న చెమ్మవ్వ చుట్టాలం. ఆమె ఉన్నన్నాళ్ళూ ఉంటాం. ఆమెనే అడుగు."

మూల చీకట్లో, చల్లగా, బరువుగా, ముడుచుకుని కూర్చుంది చెమ్మవ్వ. ఒంటినిండా నీటి ముత్యాలు.

"నన్ను తిట్టకు తల్లీ," అంది, చెంగల్వ నోరు తెరవకముందే. "నేను దొంగను కాను. నేల ఉన్నచోటల్లా ఉంటాను. వాన పడితే లేస్తాను. లేచినదాన్ని పోవాలి గదా! మునుపు గాలన్న వచ్చేవాడు. నా చెయ్యి పట్టుకుని పడమటి గోడనుంచి తూర్పు గోడకు నడిపించి, వీధిలో వదిలేవాడు. ఇప్పుడు రాడు. నేను లేస్తాను, చెక్క తగులుతుంది. చెక్కలోకి ఎక్కుతాను. చెక్కలోంచి చాపలోకి, చాపలోంచి బెల్లంలోకి. నాకేమన్నా సరదానా? ఒకేచోట కూర్చుని కూర్చుని నా నడుం పట్టేసింది."

"గాలన్న ఎందుకు రాడు?"

"ఎలా వస్తాడు? పునాది గోడకు కంతలుండేవి. పడమట మూడు, తూర్పున మూడు. మీ మామగారి తండ్రి చెప్పి వదిలించినవి. వాటిలో మట్టి కుక్కి మూసేశారు."

"ఎప్పుడు?"

"నీ పెళ్ళికి ఇల్లు అలికారు చూడు, అప్పుడు."

చెంగల్వ చెక్క దించింది. తన పాదం ఆ గడప తొక్కడమూ, ఆ ఇంటి ముక్కు మూయడమూ ఒక్క వారంలోనే జరిగాయన్నమాట! పాదం కనబడింది గనుక పాదాన్ని అన్నారు. ముక్కు ఎవరికీ కనబడలేదు.

ఇంకొకతె అయితే వీధిలోకి పరిగెత్తి అరిచేది. చెంగల్వ అరవలేదు. ముందు కళ్ళతో చూడాలి. పెరట్లోకి వెళ్ళి, పునాది గోడను వేళ్ళతో కొట్టుకుంటూ నడిచింది. రాయి ఉన్నచోట గట్టిగా పలికింది. మూడు చోట్ల బోలుగా పలికింది. ఆ మూడు చోట్లా ఎర్రమట్టి పూత నల్లగా చెమర్చి ఉంది. అప్పుడు నమ్మింది. చెప్పిన మాటను చేత్తో తట్టి చూసేదాకా నమ్మకూడదు. ఆ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది.

నేరుగా అత్తగారి ముందు నిలబడింది.

"అత్తయ్యా, పునాది గోడకు కంతలుండేవట. ఎవరు మూశారు?"

"నేనే మూయించాను. ఏం?" అంది పేరిందేవమ్మ. ఆమెదీ తక్కువ గొంతు కాదు.

"ఎందుకు?"

ఎందుకంటే, ఆ వీధికి ఒక ఆచారం ఉంది. శ్రావణ శుక్రవారం నాడు ప్రతి ఇల్లాలూ పునాది గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో ఇంటి చుట్టూ ఒకే ఒక్క తెల్లగీత గీస్తుంది. గడప కుడివైపు మొదలుపెట్టి, ఇల్లంతా చుట్టి, గడప ఎడమవైపు కలపాలి. దానిపేరు సిరిగీత. గీత ఎక్కడా తెగకూడదు. తెగినచోటునుంచి లక్ష్మి జారిపోతుందని వాళ్ళ నమ్మకం. గీత గీయడంలో పేరిందేవమ్మను మించినవాళ్ళు ఆ పట్నంలో లేరు. కానీ కంతలున్నచోట ఆమె గీత కూడా ఆగి, దూకి, మళ్ళీ మొదలయ్యేది. పూర్వం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు. పొన్నమ్మ పట్టించుకుంది.

"పెళ్ళి పనులప్పుడు అందరి ముందూ అడిగింది," అంది పేరిందేవమ్మ, ఇప్పటికీ మండిపోతూ. "'వదినా, మీ గోడకు పళ్ళూడాయేమిటి? కొత్తకోడలు చూసి నవ్వుతుందేమో!' అని. నా గోడను! నా గీతను! ఆ సాయంత్రమే మూయించాను."

"పొన్నమ్మగారు ఒక మాట అంటే మనం ఇంటి ముక్కు మూసుకున్నామా అత్తయ్యా? గాలి ఆడక చెమ్మ కింద నిలిచిపోయింది. బెల్లం అందుకే కారుతోంది. నా పాదం వల్ల కాదు."

"ఓహో! ఇంటికి ముక్కా? రేపు చెవులు కూడా కుట్టిస్తావా?"

"ముందు ముక్కు తెరవనివ్వండి."

పేరిందేవమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. ఆ కళ్ళల్లో బెదురు లేదు. అది ఆమెకు నచ్చలేదు. కొంచెం నచ్చింది కూడా. "పెరటివైపు తెరుచుకో. అక్కడ ఎవరూ చూడరు. వీధివైపు చెయ్యి వేశావో, ఊరుకోను."

చెంగల్వ గునపం తీసుకుని పడమటివైపు మూడు కంతలూ తానే తెరిచింది. మట్టిముద్దలు బయటపడ్డాయి. లోపలి ముక్కిన వాసనా బయటపడింది.

మర్నాటికి ఏమైంది? పందికొక్కు ఆ కంతల్లోంచి వెళ్ళి, మొత్తం చుట్టాలను పిలుచుకొచ్చింది. అంతకుముందు సొరంగం తవ్వుకుని కష్టపడి వచ్చేవి. ఇప్పుడు పెద్దమనుషుల్లాగా ద్వారంలోంచి నడిచి వచ్చాయి.

"భలే! పెళ్ళివారు దిగారు. విడిది చూపించు," అంది పేరిందేవమ్మ.

గోడ పక్కనుంచి పొన్నమ్మ కిలకిల నవ్వింది. చెంగల్వ ఆ నవ్వునూ దాచుకుంది.

కానీ ఆగలేదు. కుమ్మరి ఓబయ్య దగ్గరకు వెళ్ళింది. "కంతకు సరిపోయేలాగా మట్టితో జల్లెడ పలక కావాలి. గాలి పోవాలి, పందికొక్కు పోకూడదు. బాగా కాల్చాలి."

ఓబయ్య ఒకటి చేసిచ్చాడు. చెంగల్వ దాని కన్నంలో చిటికెన వేలు పెట్టింది. వేలు దూరింది. "నా వేలు దూరితే పందికొక్కు పిల్ల దూరుతుంది. పనికిరాదు."

ఇంకొకటి చేశాడు. చెంగల్వ దానిమీద చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు లోపలివైపు కారాయి. "వాన జల్లు లోపలికి పోతుంది. కన్నాలు బయటికి వాలుగా ఉండాలి. పనికిరాదు."

ఓబయ్య చేతులు జోడించాడు. "తల్లీ, ఇది గోడకు పెట్టేదా, నీ ముక్కుకు పెట్టేదా? ఇంత సోకు నా పెళ్ళాం ముక్కుపుడకకు కూడా చేయించలేదు!"

"నీ చేతిలో పనితనం ఉంది గనుకనే అడుగుతున్నాను. లేనివాళ్ళనయితే అడగను," అంది చెంగల్వ.

ఆ మాటకు ఓబయ్య మళ్ళీ సారె తిప్పాడు. మూడోది కుదిరింది. అలాంటివే ఇంకో రెండు కాల్చాడు. పడమటి కంతలకు మూడు పలకలూ బిగించారు. పందికొక్కులు వచ్చి మూతులు ఆనించి, లోపలికి రాలేక, బయటున్నవి బయటే గునుస్తూ ఉండిపోయాయి.

సరే. ఇక బెల్లం ఎండాలి గదా? ఎండలేదు. చెంగల్వ ఒక కొత్త దిమ్మను చెక్క మీద పెట్టి మూడు పూటలు చూసింది. మూడో పూటకు దిమ్మ కంటతడి పెట్టింది. చెంగల్వకూ ఏడుపొచ్చింది. వెంటనే కోపమొచ్చింది. పెరట్లోకి పోయి, పలక ముందు కూర్చుని గాలిని నిలదీసింది.

"గాలన్నా! తలుపు తీశాను. కావలి పెట్టాను. ఇంకా లోపలికి రావేం?"

పడమటి గాలి పలక ముందు సుడి తిరిగాడు. "వచ్చాను తల్లీ. గుమ్మం దాటి రెండడుగులు వేశాను. ఎదర గోడ. నేను బస చేసేవాణ్ణి కాను, పోయేవాణ్ణి. పోయే దారి లేని ఇంట్లో నాకేం పని? చెమ్మవ్వ చెయ్యి పట్టుకున్నాను కూడా. ఎక్కడికి తీసుకుపోను? అటువైపు తెరువు. అప్పుడు చూడు నా నడక."

అటువైపు అంటే వీధివైపు. అంటే సిరిగీత.

ఆ శుక్రవారం ఇంకెంతో దూరం లేదు. చెంగల్వ ఆలోచించింది. గీత తెగకూడదు. గోడ తెరవాలి. రెండూ జరగాలి. ఒక మాట నెగ్గడానికి రెండో మాట ఓడాలని ఎక్కడుంది? నేల మీద చుక్కలు పెట్టింది. చుక్కలను కలుపుతూ ముగ్గు వేసింది. చెరిపింది. మళ్ళీ వేసింది. ఆఖరికి ఓబయ్య దగ్గరకు వెళ్ళి ఇసుకలో ఆ ముగ్గు వేసి చూపించింది. చుక్కలున్నచోట కన్నాలు. గీతలున్నచోట మట్టి కమ్మీలు. ఒక పక్కనుంచి బయల్దేరిన గీత, కన్నాల చుట్టూ మెలికలు తిరిగి, తెగకుండా రెండో పక్కకు చేరుతుంది.

ఓబయ్య చూసి, చూసి, "అమ్మో, ఇది కోడలు కాదు," అన్నాడు. మరేమిటో చెప్పలేదు. వీధివైపుకు మూడు, పెరటివైపు పాతవాటికి బదులు మూడు, ఆ ముగ్గు పలకలు చేసిచ్చాడు. ఒక్కటి కూడా తిప్పి పంపే పని పడలేదు.

చెంగల్వ అత్తగారి ముందుకు వెళ్ళింది. "అత్తయ్యా, వీధివైపు తెరుస్తాను. సిరిగీత నేను గీస్తాను. గీత వెంట్రుకవాసి తెగినా బండి కట్టించండి. దసరా దాకా ఆగక్కర్లేదు. ఆ రోజే పోతాను."

గురవశెట్టి తల ఊపబోయి ఆగాడు. "అమ్మా... ఒక్కసారి... తెరవనిద్దాం," అన్నాడు. పుట్టాక అతను సొంతంగా అన్న మొదటి మాట అదేనని వీధిలో తర్వాత చెప్పుకున్నారు.

పేరిందేవమ్మ కొడుకును చూసింది. కోడలిని చూసింది. "మాట తప్పవుగా?"

"నేను మాటా మరవను. మాట అన్నవాళ్ళనూ మరవను."

"అలాగా! అయితే తెరువు."

శ్రావణ శుక్రవారం తెల్లవారింది. చెంగల్వ వీధివైపు కంతలు తెరిచి, కొత్త పలకలు బిగించి, తలస్నానం చేసి, ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి గిన్నె ఎడమచేత పట్టింది. గడప కుడివైపు వేలు పెట్టింది. గీత కదిలింది. మొదటి పలక దగ్గరకు వచ్చింది. వీధంతా ఊపిరి బిగబట్టింది. గీత ఆగలేదు. కమ్మీ ఎక్కింది, కన్నం చుట్టూ తిరిగింది, ఇంకో కన్నాన్ని చుట్టింది, మల్లెతీగలాగా మెలికపడి గోడ మీదికి దిగి ముందుకు సాగింది. రెండో పలకా దాటింది. మూడోదీ దాటింది. మూల తిరిగింది. పెరడు చుట్టింది. అటుపక్క గోడ వెంట తిరిగొచ్చి గడప ఎడమవైపు కలిసింది. మధ్యలో పిండి కోసం వేలు ముంచినచోటు కూడా ఎవరికీ కనబడలేదు.

పొన్నమ్మ ఊరుకుంటుందా? "నేను చూస్తాను ఉండండి," అని వచ్చింది. వంగింది. పలకకు మొహం ఆనించి, తెగిన చోటు కోసం వెతికింది.

సరిగ్గా అప్పుడు పడమటి గాలి వచ్చాడు. పెరటి కంతల్లో దూరాడు. ఎదర దారి కనబడింది. చెమ్మవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "పద అవ్వా, చాలా కాలమైంది!" అని ఒక్క ఊపున లాక్కొచ్చాడు. ఏడాదికి పైగా మగ్గిన ముక్కిన వాసన, బూజు, పందికొక్కుల కంపు, అంతా కలిసి పొన్నమ్మ మొహం మీద భుస్సుమంది. ఆమె కొంగు ఎగిరి నెత్తిన పడింది.

"అమ్మోయ్! ఇల్లు ఊపిరి వదిలింది!" అని వెల్లకిలా పడింది.

వీధంతా నవ్వింది. పేరిందేవమ్మ నవ్వకూడదనుకుంది. ఆపుకోలేకపోయింది. చెంగల్వ మాత్రం నవ్వకుండా వెళ్ళి పొన్నమ్మను లేవనెత్తింది. "పళ్ళేమీ ఊడలేదు కదా పిన్నిగారూ?" అని అడిగింది. అది మర్యాదో, బాకీ తీర్చడమో వాళ్ళిద్దరికే తెలుసు.

వీధిలోకి వచ్చిన చెమ్మవ్వ నడుం సాగదీసుకుంది. "పోయొస్తాను తల్లీ."

"పో అవ్వా. మళ్ళీ రాకు."

"రాకుండా ఎలా? రోజూ వస్తాను. నేలలో పుట్టినదాన్ని. రోజూ వస్తాను, రోజూ పోతాను. నువ్వు దారి ఇస్తే చాలు, నీ బెల్లం ముట్టను."

ఆ తర్వాత చుట్టాలు ఒక్కొక్కరే లేచారు. "చెక్క ఎండిపోతోంది, పళ్ళు అరుగుతున్నాయి," అని చెదపురుగు పోయింది. "ఈ బెల్లం మళ్ళీ రాయైంది," అని చీమ బారు తిప్పింది. లోపల మిగిలిన పందికొక్కు రెండు చెవులూ మూసుకుని, "రేయింబవళ్ళు ఒకటే ఈదురుగాలి, ఇదేం ఇల్లు!" అని సొరంగం దారినే వెళ్ళిపోయింది. చెంగల్వ ఆ సొరంగంలో రాళ్ళు కొట్టించి మూయించింది. మూయాల్సింది అది.

వానలు ముదిరాయి. ఆ ఏడు మామూలు వానలు కావు. వాగు పొంగింది. వీధులు ఏరులయ్యాయి. గాలి మాత్రం పడమట దూరి తూర్పున తేలుతూనే ఉన్నాడు.

దసరా వచ్చింది. బెల్లం కొనేవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. పేరిందేవమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. తానే లోపలికి వెళ్ళింది. పోయిన ఏడు అన్నిటికన్నా ఎక్కువ కారిన మూలనుంచి ఒక దిమ్మ తీసింది. మీటింది. మోగింది. నడిమి వరసలోంచి ఒకటి తీసింది. మీటింది. మోగింది. అన్నిటికీ అడుగున, చెక్కకు ఆనుకున్న దిమ్మను తీసింది. చాలాసేపు చేతిలో తిప్పి తిప్పి చూసింది. మీటింది. కంచులాగా మోగింది.

కొనేవాళ్ళు ముందుకు జరిగారు. గురవశెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ సంతోషించారు.

చెంగల్వ మాత్రం మూట కట్టుకుని గడపలోకి వచ్చింది.

"ఎక్కడికే?" అంది పేరిందేవమ్మ, తెల్లబోయి.

"పుట్టింటికి."

"బెల్లం కారలేదు గదా!"

"బెల్లం కారలేదు అత్తయ్యా. మీరన్న మాట కారిపోలేదు. పాదం మంచిది కాదని ఈ వీధిలో అన్నారు. ఆ మాట ఇంకా వీధిలోనే పడి ఉంది. దాన్ని దాటుకుంటూ నేను ఈ ఇంట్లో తిరగలేను. నా చెల్లెళ్ళ గడప దాకా పోయింది ఆ మాట."

గురవశెట్టి తల ఊపలేదు. గడపకు అడ్డంగా కూర్చున్నాడు, అంతే.

పేరిందేవమ్మ నిలబడిపోయింది. జన్మలో ఎవరికీ తలవంచని మనిషి. తప్పు తనదని ఒప్పుకోవడం ఆమె నోటికి అలవాటు లేని పని. కోడలి చేతిలో మూట చూసింది. తన చేతిలో మోగిన దిమ్మను చూసింది. తర్వాత మెల్లగా మెట్లు దిగి, వీధి నడుమకు వెళ్ళి, ఆనాడు ఎంత గొంతుతో అన్నదో అంతే గొంతుతో అన్నది.

"అందరూ వినండి! నా కోడలి పాదం బంగారం. ఈ ఇంట్లో మంచిది కానిది దాని పాదం కాదు, కంతలు మూయించిన నా చెయ్యి. ఎవరి మాటకో రోషపడి మా పెద్దాయన తెలివిని మట్టి కొట్టి మూశాను. నింద దీని మీద వేశాను. దీని చెల్లెళ్ళను చేసుకునేవాళ్ళు కళ్ళకద్దుకుని చేసుకోవచ్చు. ఈ మాట అన్నది పేరిందేవమ్మ. చెప్పుకోండి, ఊరంతా చెప్పుకోండి!"

ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో అక్కడున్న పెద్దవాళ్ళకు తెలుసు. అందుకే ఒక్కరు కూడా నవ్వలేదు.

చెంగల్వ మూట కింద పెట్టింది. ఎదురెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "ఆ చెయ్యి మంచిదే అత్తయ్యా. మట్టి ఎక్కడ పెట్టకూడదో దానికి ఇప్పుడు తెలిసింది. వచ్చే శ్రావణానికి సిరిగీత మీరే గీయాలి."

"పలకల మీద మెలికలు నాకు రావే!"

"నేర్పుతాను. కానీ వంకర పోతే ఒప్పుకోను."

"నాకు తగ్గదానివే దొరికావు," అంది పేరిందేవమ్మ.

ఆ ఏడు తిరిగేలోగా వాగుమెట్టలో ప్రతి ఇంటి పునాదికీ, ఇటు మూడు అటు మూడు, ఓబయ్య పలకలు వెలిశాయి. చెంగల్వ చెల్లెళ్ళను అడగడానికి బండ్లు వరసకట్టాయి.

కాబట్టి పిల్లలూ, నీతి ఏమిటంటే: ఇంటికి కీడు కలిగితే కొత్తగా వచ్చినవారి పాదాన్ని నిందించకూడదు, ముందు మన కాళ్ళ కింద ఏముందో వంగి చూసి, నిలిచిపోయినదానికి దారి ఇవ్వాలి.